ఇరవై బోరు తూటాలు

ఈ ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, పోయిన నెల చనిపోయిన తాత పెట్టె తెరిచాను. ఇంకా తుపాకీ మందు వాసన వస్తోంది.

మేముండే పబేడాన్ పేటలో తాత వేటతుపాకీ తూటాలు తిరిగి నింపేవాడు. చూపు తగ్గాక, మందు కొలిచే పని తొమ్మిదేళ్ల నాకిచ్చాడు. గొట్టం కొలతలో పన్నెండు బోరు కన్నా ఇరవై పెద్దదనుకుని వాటిలో ఎక్కువ పోశాను. నది అవతల తన్లిన్‌లో తోట ఉన్న కో మ్యింట్ వాటిని తీసుకువెళ్లాక తాతకు చెప్పాను.

“తాతా, ఇరవైకి ఎక్కువ పోసినాను. పెద్దది కదేటి?”

“అంకె పెరిగితే గొట్టం సన్నబడతాదే, పిచ్చిదానా! ఒత్తిడికి తుపాకీ పగిలి ఆడి సెయ్యెగిరిపోద్ది!”

తాత వెంటనే బస్సెక్కి వంతెన దాటాడు. సాయంత్రానికి తూటాలన్నీ వెనక్కి తెచ్చాడు. నాతో మాట్లాడలేదు. కోపమనుకున్నాను. తనకు చూపు ఆనడం లేదని కో మ్యింట్‌తో ఒప్పుకోవలసి వచ్చిందని పెద్దయ్యాక అర్థమైంది.

మా ఇంట్లో మళ్లీ ఎవరూ తూటాలు నింపలేదు.