గడప దాటని గింజలు

కోదాడ చూసి రావాలన్న కోరిక నాకు ఏనాడూ లేదు. సూర్యాపేటలో బడి పంతులమ్మని, సెలవు దొరికితే కాళ్ళు చాపుకుని పడుకునే రకాన్ని. ఈ ప్రయాణం మా వాడకట్టు ఆడవాళ్ళు నా నెత్తిన పెట్టింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళలో పిడికిలి గింజల పద్ధతి ఒకటి నడుస్తోంది. ఎసరు పెట్టినప్పుడల్లా ఇల్లాలు పిడికెడు గింజలు తీసి వేరే కుండలో వేస్తుంది. సావుకార్ల ఇళ్ళలో అవి బియ్యం, కూలివాళ్ళ ఇళ్ళలో జొన్నలు. ఏడాదికోసారి వాడకు ఒకరు చొప్పున ఒకచోట కూడి, పసిపిల్లల్నీ బాలింతల్నీ చూసుకునేవాళ్ళలో ఎవరికి ఆ గింజలు ఇవ్వాలో చేతులెత్తి తేలుస్తారు. సర్కారు పెత్తనం లేదు, దొర పెత్తనం లేదు, ఇచ్చినవాళ్ళదే మాట. వినడానికి ఎంత బాగుందో చూడండి. నేనూ అలాగే మురిసిపోయాను.

ఈసారి గింజలు అడిగింది కోదాడ దిక్కున సైదమ్మ అనే మంత్రసాని. నాట్లకు పోయే తల్లుల పిల్లల్ని పొలం పక్కనే ఒక పందిరి కింద పెట్టుకుని చూస్తుందట. కిందటేడు యూనియన్ సైన్యం వచ్చి సంఘంవాళ్ళ వేట మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఎన్నో ఇళ్ళలో మగవాళ్ళు జైల్లోనో అడవిలోనో ఉన్నారు. ఆడవాళ్ళు అందరూ పొలాల్లో ఉన్నారు. ఇంట్లో పిల్లల్ని చూసే దిక్కు లేదు. సైదమ్మ దగ్గర గింజలు అడుగంటాయని, ఈ ఏడు ఇవ్వకపోతే వానాకాలం నాట్లకు పందిరి వెయ్యలేనని కబురు పంపింది. "నువ్వు సదువుకున్నదానివి. పొయ్యి కండ్లతోటి సూసి, ఆణ్నుంచి మిర్యాలగూడ పంచాయితికి పో. మా అందరి సెయ్యి అనుకొని నీ సెయ్యి లేపు," అన్నారు మా వాడ ఆడవాళ్ళు. సరే అన్నాను. ఆ మాట అనేముందు నాలుక కరుచుకుని ఉంటే బాగుండేది.

యాసంగి నాట్ల రోజులు. తెల్లవారుతూనే సూర్యాపేట గంజ్ బజారు దగ్గర బెజవాడ వైపు పోయే మొదటి బస్సు ఎక్కాను. ఛార్జీ మా నైజాం నాణెం హాలీ సిక్కాలో రూపాయి లోపే. ముందు సీట్లు అడగకండి, ఇంజను వేడికి కాళ్ళు మాడతాయి. దారిలో మునగాల వస్తుంది. చుట్టూ నైజాం ఇలాకా అయినా ఆ పరగణా మాత్రం మద్రాసు వాళ్ళది. సుంకం నాకాలో దిగి, మూటలు విప్పి చూపించి, మళ్ళీ ఎక్కాలి. అక్కడ టీ తాగి హాలీ అణా ఇస్తే హోటలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి వెనక్కి ఇచ్చాడు. "ఇండియా కల్దారు లేదా అమ్మా? ఇది మా దగ్గర చెల్లదు," అన్నాడు. నా ముఖం చూసి జాలిపడ్డాడో ఏమో, "పోనీలెండి, వచ్చేటప్పుడు ఇద్దురు," అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజంతటిలో నేను చూసిన నికార్సయిన దానం అదొక్కటే.

పొద్దు బారెడెక్కే వేళకు కోదాడలో దిగాను. అనంతగిరి పోయే బండ్లు అంగడి వెనక నిలబడతాయి. రెండణాలిస్తే ఖాళీగా పోయే బండివాడు ఎవరైనా ఎక్కించుకుంటాడు. పందిరి ఎక్కడని అడిగితే బండతను నవ్వాడు. "నిన్న చెరువు కట్ట కింద ఉందమ్మా. ఇవాళ ఎటు పొయ్యిందో! నాట్లు ఎటు పోతే అటు పోద్ది," అన్నాడు. కోదాడ మాటలో అప్పుడే కోస్తా గాలి తగులుతుంటుంది. రెండు మైళ్ళు పోయాక, బురద మడుల మధ్య ఒక దిబ్బ మీద కనిపించింది. నాలుగు వెదుళ్ళు, పైన తాటాకులు, చీరలతో కట్టిన తొట్టెలలు. అంతే. పక్కన ఒంటెద్దు బండి విప్పి ఉంది. నాట్లు ముందుకు జరిగితే ఈ మొత్తం ఆ బండెక్కుతుంది.

సైదమ్మకు అరవై దాటి ఉంటాయి. ఒక తొట్టెల కాలితో ఊపుతూ, ఒడిలో ఉన్న పిల్లకు జొన్న గట్క తినిపిస్తోంది. నన్ను చూసి లేవలేదు. "కూకోండమ్మా. లేస్తే ఈ దొరసాని ఏడుస్తది," అంది. ఆ పిల్లల్లో చాలామందిని ఈ లోకంలోకి తెచ్చింది ఆ చేతులేనట. అంతకుముందు తల్లులు పిల్లల్ని గట్టు మీదే వదిలేసి మడిలో దిగేవారు. మూడేళ్ళ కిందట సైదమ్మ కూతురూ అలాగే వదిలింది. వంగి నాటేసేవాళ్ళకు వెనక ఏం జరుగుతోందో కనపడదు. పిల్ల కాలువలో పడింది. సైదమ్మ ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, "ఆనాటి సంది ఎవరి బిడ్డనూ గట్టు మీద కూసోనియ్యలే," అంది.

మార్తమ్మ అనే నాటు కూలి చేతుల బురద కాలువలో కడుక్కుని పందిరి కిందకి వచ్చింది. ఆమె పెనిమిటి నల్లగొండ జైల్లో ఉన్నాడు. సైదమ్మ ఒడిలో ఉన్న పిల్ల ఈమెదే, పేరు సుందరి. పాలిచ్చి, రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని, వెంటనే లేచింది. "పందిరి ఈడనే ఉంది గనుక వచ్చి పోతన్న పంతులమ్మా. వరుసలో నా జాగ ఖాళీ అయితే మేస్త్రి ఊకుంటడా?" అంది. ఆమె మళ్ళీ మడిలో దిగేదాకా చూస్తూనే ఉన్నాను. ఇంతకన్నా చూడవలసింది ఏముంది? నా మనసులో చెయ్యి అప్పుడే లేచిపోయింది. మధ్యాహ్నం ఒక పూట పని మానుకుని మార్తమ్మ కూడా కోదాడ కూలివాడ తరఫున బయల్దేరింది. సైదమ్మ పిల్లల్ని కూతురికి అప్పగించింది. ముగ్గురం కోదాడ వచ్చాం.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు బస్సు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పల్లికాయ సంచుల లారీలు నమ్మకం. మా లారీ డ్రైవరు పేరు సైదులు. "ఈ దిక్కు రాయి ఇసిరితే సైదులు మీదనో సైదమ్మ మీదనో పడతది," అని తనే నవ్వాడు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పిల్లల్ని కని, అక్కడి సైదుల పేరు పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ మరి. ముగ్గురికీ కలిపి ముప్పావలా తీసుకుని సంచుల మీద కూర్చోబెట్టాడు. దారిలో రెండు చోట్ల మిలిటరీ వాళ్ళు ఆపి సంచుల్లో ఇనుప చువ్వలు గుచ్చి చూశారు. ఒక జవాను సైదమ్మ మూట విప్పమన్నాడు. లోపల ఉన్నది పసిపిల్లలకు రాసే ఆముదం సీసా. వాడు వాసన చూసి ముఖం చిట్లించి పొమ్మన్నాడు. సైదమ్మ ముసిముసిగా నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే కడసారి.

పొద్దు వాలుతుండగా మిర్యాలగూడ చేరాం. పంచాయితీ రంగయ్య శెట్టిగారి ధాన్యం కొట్టు ముందు. పెద్దాయన. చెడ్డవాడని అననుగాక అనను. ఆయన ఇంట్లో పిడికిలి కుండ ఒక్కపూట కూడా ఖాళీగా ఉండదని శత్రువులు కూడా ఒప్పుకుంటారు. నేను లేచి చూసిందంతా చెప్పాను. అందరూ తలలూపారు. కళ్ళు తుడుచుకున్నవాళ్ళూ ఉన్నారు. శెట్టిగారు అంతా విని, "బంగారమసొంటి పని. ఇయ్యవలసిందే. గడప యాడుంది?" అని అడిగారు.

ఇక్కడి ఆచారం తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ధర్మం గింజలు చేతికి ఇవ్వరు. పసుపు రాసిన గడపకు ఇవతల నిలబడి ఇచ్చేవాళ్ళు పోస్తే, అవతల ఆ ఇంటివాళ్ళు చేట పట్టాలి. గడప లోపల పడ్డ పచ్చి గింజ మళ్ళీ బయటికి రాకూడదు. అక్కడే వండాలి. అమ్ముకోకుండా ఎవరో తెలివైనవాళ్ళు ఎప్పుడో పెట్టిన కట్టుబాటు అయి ఉంటుంది. సైదమ్మ పందిరికి గోడే లేదు, గడప ఎక్కడిది?

"నాలుగు కట్టెల పందిరయ్యా. నాట్ల ఎంబడి తిరుగుతది," అంది సైదమ్మ.

"గడప లేని కాడ ఎట్ల పోస్తం తల్లీ? ధర్మం నేలపాలు అయితది."

"ఒక దూలం ముక్కకు పసుపు రాసి బండి మీద ఏసుకొని తిరుగుత. ఏడ పందిరేస్తే ఆడ పెడత."

శెట్టిగారు ఎగతాళి చెయ్యలేదు. కాసేపు నిజంగానే ఆలోచించారు. "కదిలేది గడప కాదు తల్లీ. కదిలితే అది కట్టె," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పిల్లలు తినేది గింజల్నా, గడపనా?" అని గట్టిగానే అడిగాను. పంతులమ్మకు నోరెక్కువ అని ఎవరో అన్నారు. ఎక్కువే. కానీ శెట్టిగారు చేయెత్తి అందర్నీ ఆపి, తన సొంత ఖర్చుతో కోదాడ అంగడి వెనక ఒక ఇల్లు వేయిస్తానన్నారు. మట్టి గోడలు, తాటి దూలాలు, టేకు గడప. గింజలన్నీ ఆ ఇంటికే. మూడు ఊళ్ళవాళ్ళూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు.

"ఇల్లు నాతోటి నడుస్తదా అయ్యా?" అంది సైదమ్మ. చప్పట్లలో ఆ మాట పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

చేతులెత్తమన్నారు. నేను ఎత్తలేదు. సైదమ్మకు చెయ్యి ఎత్తే హక్కు లేదు, గింజలు అడిగేవాళ్ళకు అది ఉండదు. మార్తమ్మ వైపు చూశాను. ఆమె చెయ్యి అందరికన్నా పైన ఉంది. పిడికెళ్ళు తీసిన కూలివాడల ఆడవాళ్ళందరి చేతులూ లేచే ఉన్నాయి. "అదేంది మార్తమ్మా, రోజూ రెండు మైళ్ళు పిల్లను మోసుకొని వస్తవా?" అని అడిగాను.

"మా గుడిసెలకు వంగి దూరుడే పంతులమ్మా," అంది, కళ్ళు మెరుస్తుండగా. "నిలబడి అడుగు పెట్టే గడప మా పేరు మీద ఒక్కటన్న ఉండొద్దా? నా బిడ్డ టేకు గడప దాటి లోపటికి పోతదంటే ఎట్ల వద్దంట?"

శెట్టి ఒక్కడే అడ్డం పడి ఉంటే నాలుగు తిట్టి నిద్రపోయేదాన్ని. అందరూ మంచివాళ్ళే, అందరూ ఇచ్చినవాళ్ళే. అందరూ కలిసి ప్రేమగా ఆ ముసలమ్మ కాళ్ళు కట్టేశారు. మా వాడ ఆడవాళ్ళకు ఈ సంగతి చెబితే వాళ్ళు కూడా, "ఇల్లు ఇచ్చిన్రా! మరి ఇంకేం గావాలె?" అన్నారు.

వానాకాలం నాట్లు మొదలయ్యాక, బడికి సెలవు దొరికిన రోజున మళ్ళీ కోదాడ వెళ్ళాను. ఇల్లు ముచ్చటగా ఉంది. గడపకు పసుపు, గుమ్మానికి మామిడాకులు. లోపల గాదె నిండా గింజలు. సైదమ్మ ఒక్కతే పొయ్యి ముందు కూర్చుని ఉంది. అంగడిలో పనిచేసేవాళ్ళ పిల్లలు ఇద్దరు ఒక మూల నిద్రపోతున్నారు. గింజలకు కాపలా ఉండాలి, గడపకు దీపం పెట్టాలి, ఇంటి మనిషి ఇల్లు విడిచిపోరాదు. వండిన గట్క కూతురు చేత పొలాలకు పంపి చూసిందట. నాట్లు ఐదు మైళ్ళు దాటాక అది చేరేసరికి పులిసిపోతోంది. "గింజలు మస్తుగున్నయమ్మా. తినేటోళ్ళు లేరు," అంది. నా చెయ్యి పట్టుకుని, "పొయ్యి జర పిల్లల్ని సూసి రా. నాకు సెప్పకు," అని ఏడ్చింది.

వెళ్ళాను. మార్తమ్మ ముఠా అనంతగిరి అవతల నాటు వేస్తోంది. వాన తుంపర పడుతోంది. గట్టు మీద తుమ్మ మొద్దులకు పిల్లలు వరుసగా ఉన్నారు. ఒక్కొక్కరి నడుముకీ చీర పేలిక, ఆ పేలిక రెండో కొస మొద్దుకు. కాలువ వైపు పాకకుండా తల్లులు కట్టిన కట్లు. సుందరి పేలిక సాగినంత దూరం పాకి, అక్కడ ఆగి, బురద తింటోంది. మార్తమ్మ నన్ను చూసి నడుము ఎత్తింది. నేను అడగకముందే తనే చెప్పింది.

"ఇల్లు మంచిగనే ఉందమ్మా. జర దూరం, అంతే."

ఇచ్చినవాళ్ళదే మాట కావాలని ఇన్నాళ్ళూ అందరితో వాదించినదాన్ని నేను. ఇప్పుడూ దొర చేతికో సర్కారు చేతికో ఆ కుండలు అప్పజెప్పమని అనను. వాళ్ళయితే ఆ ఇల్లు కూడా కట్టి ఉండరు. కానీ చేతులెత్తే ముందు ఆ పంచాయితీ మిర్యాలగూడ కొట్టు ముందు కాక మడి గట్టు మీద కూర్చుని ఉంటే, ఒక్క పూట, ఒక్క వానలో, ఏమయ్యేదో అని మాత్రం అనుకుంటూ ఉంటాను. పుణ్యం చేశామని మూడు ఊళ్ళవాళ్ళూ ఇప్పుడు హాయిగా ఉన్నారు. మా ఇంట్లో పిడికిలి కుండ అలాగే ఉంది. ఎసరు పెట్టినప్పుడు చెయ్యి దాని మీదకు పోతుంది. ఒకరోజు వేస్తాను, ఒకరోజు వెయ్యలేను.

మీలో ఎవరైనా ఆ దిక్కు పోయి సాయం చెయ్యాలనుకుంటే ఒక్క మాట. కోదాడలో దిగి పిల్లల ఇల్లు ఎక్కడని అడగకండి. అందరూ సంతోషంగా చూపిస్తారు, అక్కడ పిల్లలు ఉండరు. ఇవాళ నాట్లు ఎక్కడ పడుతున్నాయని అడిగి, పొద్దెక్కకముందే బండి మాట్లాడుకోండి. గింజలు తీసుకుపోవద్దు. పులవకుండా నిలిచే అటుకులు, బెల్లం తీసుకుపోండి, వీలైతే ఆ పూటంతా గట్టు మీదే కూర్చోండి. ఆ పేలికల ముడులు చిన్నవే గానీ వానకు తడిసి బిగుసుకుంటాయి, విప్పడానికి కాస్త ఓపిక కావాలి.