ఎద్దు కడుపులో పడుగూ పేకా

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా పెద్దమ్మ పోయింది. కబురు వచ్చేసరికి నేను కోవిల్‌పట్టిలో మా ఇంట్లో బొమ్మ ఇటుకలను రంగుల వారీగా వేరు చేస్తున్నాను. చేతిలో ఉన్న గుప్పెడు ఏ డబ్బాలో వెయ్యాలో తోచక అలాగే పట్టుకొని కూర్చుండిపోయాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. నలభై ఏళ్ళు మగ్గాలకు పడుగు పోసింది. అంటే నేతకు ముందు పొడుగు దారాలను సాగదీసి వరస పెట్టే పని. ఎక్కడ పోగు తెగినా చూడకుండానే వేళ్ళతో కనిపెట్టేది. కూరలో ఉప్పు ఎక్కువైనా, పెళ్ళికొడుకు వంకరగా నిలబడినా మొహం మీదే అనేసేది. ఆమె గడప తొక్కుతుంటే మేమంతా సర్దుకొని కూర్చునేవాళ్ళం.

రెండేళ్ళ కిందట నేను బడిలో టీచరు ఉద్యోగం మానేసి, బుడిపెలతో ఒకదానికొకటి బిగుసుకునే ప్లాస్టిక్ ఇటుకలతో పెద్ద బొమ్మలు కట్టడం మొదలుపెట్టాను. ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. అంతలో విరుదునగర్‌లో ఒక పిల్లల గ్రంథాలయం వాళ్ళు మనిషెత్తు ఎద్దు కావాలన్నారు. అది నిలబడకపోతే మళ్ళీ బడికి పోతానని నాన్నకు మాటిచ్చాను. మాటైతే ఇచ్చాను గానీ, ఆ రోజు నుంచీ అన్నం సహించలేదు.

నిండుగా కడితే ఎద్దును ఎవరూ ఎత్తలేరు. అందుకని కడుపు బోలుగా ఉంచి, లోపల దన్నుగా సన్నటి గోడలు పేర్చాను. ఇంక అయిదు రోజుల్లో ఇచ్చెయ్యాలనగా పెద్దమ్మ చూడటానికొచ్చింది. చుట్టూ ఒకసారి తిరిగి, డొక్క మీద రెండు చేతులూ పెట్టి తోసింది. డొక్క ఫెళ్ళున విచ్చుకుంది. ఇటుకలు గదంతా దొర్లాయి.

"ఎందుకు తోసినావు పెద్దమ్మా!" అని అరిచాను. ఏడుపు కూడా వచ్చేసింది.

"ముసలిదాన్ని, నేను తోస్తేనే పడిపాయ. ఆడ పిల్లకాయలు మీద పడితే నిలుస్తాదా?" అంటూ చెంగు నడుముకు దోపి, విరిగిన డొక్కలోకి తల పెట్టి చూసింది. "ఏమే, అంతా పడుగే పోసిపెట్టినావే! పేక యాడ? మగ్గాలోళ్ళ ఇంట్లో పుట్టి ఇది తెలీలేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. లోపలి గోడలన్నీ తల నుంచి తోక దాకా పొడుగ్గానే పేర్చాను. చిన్నప్పటి నుంచీ పెద్దమ్మ సాగదీసే దారాలు చూసిన కన్ను కదా, చెయ్యి అటే పోయింది. పడుగును అడ్డంగా కలిపి పట్టే పేక దారంలా, రెండు డొక్కల్నీ కలిపి పట్టే అడ్డగోడ ఒక్కటీ లేదు.

మళ్ళీ మొదలుపెట్టి అడ్డగోడలు పెట్టాను. అయినా ఆమె వదల్లేదు. వాటి చివర్లు డొక్కకు ఊరికే తాకుతున్నాయట.

"తాకితే శాలదు మే. పేక అంచు దాకా పొయ్యి మళ్ళుకోవాల. కొసను గోడలోకి పోనీ."

అలాగే ప్రతి కొసనూ డొక్క ఇటుకల మధ్యకు దూర్చాను. ఒక వరస పొడుగు, దాని మీద వరస అడ్డం, ఒకదాన్నొకటి కరిచి పట్టేలా. నాలుగు రోజులూ ఆమె నా పక్కనే చాప మీద కూర్చొని, నేను పెట్టిన ప్రతి ఇటుకనూ బొటనవేలితో నొక్కి చూసింది. నేను తొందరపడితే, "అరక్కపరక్క నేసినదాన్ని ఆరు దినాలు కట్టలేరు" అనేది. ఆ మాట ఇప్పటికీ నా చేతుల్ని ఆపుతుంది.

ఐదో రోజు వ్యాన్‌లో ముందు సీటు ఇస్తే వద్దని, వెనక ఎద్దు పక్కన కూర్చుంది. సాత్తూరు దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరిపడితే, ముందు కూర్చున్న నాకు వెనక్కి తిరిగి చూసే ధైర్యం రాలేదు.

గ్రంథాలయంలో దింపి నిలబెట్టాక అక్కడి మేడమ్ తమిళంలో అడిగింది, పిల్లలు ఆనుకుంటే పడదు కదా అని. పెద్దమ్మ చెప్పులు విడిచి ముందుకెళ్ళి, మెట్లు మెట్లుగా ఒంపు తిరిగిన ఎద్దు వీపు మీద రెండు అరచేతులూ ఆనించి, ఒళ్ళంతా బరువేసి తోసింది.

ఇక్కడ విరిగితే అంతా అయిపోయినట్టే. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఇటుకలు రాలే చప్పుడు కోసమే చెవులు రెండూ కాచుకున్నాయి. చప్పుడు రాలేదు. ఎవరో నవ్వారు. అయినా కళ్ళు తెరవలేకపోయాను.

ఎవరో వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"శరి, నిలిసె. ఇంక వణకమాక."

కళ్ళు తెరిచి చూస్తే పెద్దమ్మ. నా చేతుల్ని పట్టుకున్న ఆమె అరచేతుల నిండా, ఇటుకల బుడిపెలు గుచ్చుకున్న చోటల్లా, గుండ్రంగా ఎర్రటి అచ్చులు.