అత్తగారి చేతికి వణుకు తెప్పించిన మాస్టర్ ఫైలు

పక్కపక్కనే ఉన్న రెండు మాటల్లో తప్పు మాట మీద నొక్కి, గుండ్రాయిలా ఉన్న మా అత్తగారికి హాలు నిండా డాక్టర్ల సమక్షంలో వణుకు రోగం అంటగట్టిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, ఫర్వాలేదు. కాని ముందు నా కోపం కాస్త వినండి. ఎందుకంటే ఆ రోజు నుంచి అందరూ నన్నే అంటున్నారు తప్ప, ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టిన మహానుభావుణ్ణి ఒక్కరూ ఏమీ అనడం లేదు.

మా అత్తగారు సువార్తమ్మ గారు బాపట్ల వైపు నుంచి వచ్చి, హైదరాబాదులో ఓ పెద్ద ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేశారు. అప్పటికి రిటైరవుతున్నారు. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఆవిడకు బొత్తిగా చేతకాని పని. శేరిలింగంపల్లిలో ఒక నర్సింగ్ కాలేజీవాళ్ళు పాఠాలు చెప్పడానికి పిలుద్దామా వద్దా అని ఊగిసలాడుతున్నారు. ఈ వయసులో ఇంజెక్షన్ చేసి పిల్లలకు చూపించేటంత నిలకడ చేతిలో ఉంటుందా అని అక్కడి ప్రిన్సిపాల్ మేడం సందేహం. వీడ్కోలు సభకు ఆవిడ కూడా వస్తున్నారని తెలియగానే మా ఆవిడ సునీత, అమ్మ పనితనం మీద చిన్న సినిమా తీసి సభలో చూపిద్దామంది. ఉద్యోగం ఆ సినిమా మీద ఆధారపడిందన్నమాట.

తీసింది, కూర్చింది నా తోడల్లుడు ప్రవీణ్. వరంగల్ మనిషి, ఓ టీవీ ఛానల్లో ఎడిటింగ్ చేస్తాడు. నేనేమో హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. అంటే పొద్దస్తమానం ఇతరుల తప్పులు పట్టుకోవడమే నా వృత్తి. పెద్దల్లుణ్ణి కూడాను. పెద్దల్లుడి చెయ్యి పడకుండా అత్తగారి సినిమా పూర్తవడం ఏం మర్యాద చెప్పండి? అందుకని చివరి పని, అంటే పూర్తయిన సినిమాను మాస్టర్ ఫైలుగా బయటికి తీయడం, నేను చేస్తానని పట్టుబట్టాను. ప్రవీణ్ డ్యూటీకి పోతూ మణికొండలో మా గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ చెప్పాడు.

"అన్నా, ఆఖర్ల ప్రోగ్రెసివ్ పెట్టు. ఇంటర్లేస్డ్ జోలికి పోకు. జర యాదుంచుకో."

నాకు ఒళ్ళు మండింది. విషయం అర్థం కాక కాదు, అర్థం కాకపోయినా మండేదే. అసలు జర యాదుంచుకో అని నాకు చెప్పడమేమిటి? లోపలికొచ్చి చూస్తే మెనూలో రెండే రెండు: యాభై ఇంటర్లేస్డ్, ఇరవై ఐదు ప్రోగ్రెసివ్. మీరే చెప్పండి, యాభై పెద్దదా, ఇరవై ఐదు పెద్దదా? అత్తగారికి సగానికి సగం కోత పెట్టమంటున్నాడన్నమాట వీడు. యాభై మీద నొక్కబోతుంటే సునీత వెనకనుంచి అంది.

"ప్రవీణ్ ఏది చెప్పాడో అదే పెట్టండి. వాడి ఉద్యోగమే అది కదా."

"ఉద్యోగం చేసేవాళ్ళకు ఆ పని వచ్చి తీరాలని ఎక్కడుంది? మా ఆఫీసుకొచ్చి చూడు."

నొక్కేశాను. ఇంట్లో టీవీలో వేసి చూస్తే వెన్నపూసలా జారిపోయింది సినిమా. సునీత కూడా బాగుందంది. ఇక పరీక్ష ముగిసిందని సంతకం పెట్టేసుకున్నాను, మనసులో.

ఇంటర్లేస్డ్ అంటే ఏమిటో నాకు తర్వాత తెలిసింది. ప్రోగ్రెసివ్‌లోలా బొమ్మ మొత్తం ఒకేసారి రాదట. ఒకసారి సరి గీతలు, మరుక్షణం బేసి గీతలు వస్తాయట. డబ్బా టీవీల కాలం నాటి ఏర్పాటు. ఇప్పటి మంచి టీవీలు ఆ రెంటినీ తెలివిగా అతికించి చూపించేస్తాయి. మా దిక్కుమాలిన టీవీ అదే చేసి నన్ను నమ్మించి ముంచింది. ఆసుపత్రి హాల్లోని ప్రొజెక్టరుకు అంత తెలివి లేదు. పెన్ డ్రైవ్ పెట్టగానే ఉన్నది ఉన్నట్టు చూపించింది.

తెర మీద మా అత్తగారు వార్డులో చకచకా నడిచొస్తున్నారు. తెల్లచీర అంచులు ఎలకలు కొరికిన దుప్పటిలా ఉన్నాయి. తర్వాత ఇంజెక్షన్ చేసే దృశ్యం. ఆవిడ చెయ్యి కదలగానే రెండుగా చీలి, దువ్వెన పళ్ళు మొలిచి, గజగజలాడింది. ట్రాలీ తోసుకెళ్ళే మనిషి కూడా అంతే వణికాడు గాని, అతన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ హాలు నిండా ఉన్నది ఎవరనుకున్నారు? రోగం కనబడితే ఊరుకోలేని మనుషులు. ఒక సిస్టర్ థైరాయిడ్ అంది. ఇంకొకామె షుగర్ పడిపోయిందేమోనని చాక్లెట్ తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. ముందు వరసలో నరాల డాక్టరు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"గమనించారా, చెయ్యి ఆగి ఉన్నప్పుడు బాగానే ఉంది. కదిలినప్పుడే వస్తోంది. సిస్టర్, ఎన్నాళ్ళ నుంచి ఇది?"

ప్రిన్సిపాల్ మేడం హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ప్రవీణ్ నా వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపు ఎంత దుర్మార్గమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మళ్ళీ సరిగా తీసి తెద్దామంటే కంప్యూటరు మణికొండలో ఇంట్లో ఉంది, మధ్యలో కొత్తగూడ జంక్షన్ ట్రాఫిక్ ఉంది. తెచ్చేసరికి ఇంకెవరైనా రిటైరయ్యేవాళ్ళు. అప్పటికప్పుడు ఫోనులో వెతికి చదివి, నేనే మైకు లాక్కుని, తప్పు ఆవిడ నరాలది కాదు, సరి గీతలూ బేసి గీతలూ కలవకపోవడంవల్ల వచ్చిందని వివరించాను. డాక్టరు గారు నన్ను కూడా ఒకసారి చూడాలన్నట్టు చూశారు.

అప్పుడు లేచారు మా అత్తగారు. కోపం వస్తే ఆవిడ గొంతు బాగా తగ్గిపోతుంది.

"అల్లుడు గారూ, మీరు హెపటైటిస్ టీకా వేయించుకున్నారాండీ?"

"లేదండి."

"అయితే స్టేజీ మీదకొచ్చి చొక్కా చెయ్యి మడవండి."

వార్డు నుంచి టీకా వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం దగ్గరకొచ్చి నిలబడ్డారు. డాక్టరు గారు వంగి చూశారు. ఒప్పుకోవాలి, సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు బయటికొచ్చిందో నాకు తెలియనే లేదు. హాలంతా చప్పట్లు. మేడం అక్కడే ఆవిడ చెయ్యి పట్టుకుని సోమవారం నుంచి కాలేజీకి రమ్మన్నారు. ప్రవీణ్ ఫోను జేబులో పెట్టుకుంటూ నా పక్కకొచ్చాడు.

"ఫికర్ చెయ్యకన్నా, నీ సూది మొత్తం ప్రోగ్రెసివ్‌లనే తీసిన."

ఆ టీకాకు మూడు డోసులుంటాయని స్టేజీ మీద నాకెవ్వరూ చెప్పలేదు. రెండోది అత్తగారు కాలేజీలో, క్లాసు ముందు నన్ను నిలబెట్టి, పిల్లలకు చూపిస్తూ వేశారు. మూడోది నేర్చుకున్న పిల్లల్లో ఒకమ్మాయి చేత వేయించారు. ఆ అమ్మాయి చెయ్యి మాత్రం నిజంగానే వణికింది.

అందుచేత, ఇంకా సలుపుతున్న ఈ ఎడమ భుజం మీద కుడి చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఎవరి సినిమా అయినా, ఎంత చిన్నదైనా, పెద్ద అంకె చూసి మోసపోను. మాస్టర్ ఫైలు ప్రోగ్రెసివ్‌లోనే తీస్తాను. బాగా ఆలోచించి, నా అంతట నేను తీసుకున్న నిర్ణయం ఇది. ప్రవీణ్ చెప్పాడని మాత్రం కాదు.