సౌండు తీసేసి చూడమన్న పెద్దమ్మ

మా పక్క క్వార్టర్ పెద్దమ్మ పోయిన ఆదివారం కన్నుమూసింది. వాళ్ళ చెల్లెలు ఫోనులో ఆ మాట చెప్పగానే నేను ముందు అడిగింది, "బాధపడిందా?" అని. లేదట. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చింది, ఇక లేవలేదు. అమ్మయ్య అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

చుట్టరికం ఏమీ లేదు. విజయనగరం వైపు మనిషి, మా స్టీలు ప్లాంటు కాలనీ రుఆబాంధాలో ఒక్కతే ఉండేది. ఆదివారం చర్చి నుంచి రాగానే వీసీడీ పెట్టేది. థ్రిల్లర్లంటే పిచ్చి. ఓ పాత నలుపు తెలుపు సినిమా మొదట్లో ఒకావిడ బజారు సంచితో ఇంటికొస్తుంది. కెమెరా అప్పటికే లోపల, పరదా వెనక కాచుకుని ఉంటుంది. అక్కడ ఎవరో ఉన్నారని మనకు తెలుసు, ఆవిడకు తెలియదు. ఆవిడేమో తీరిగ్గా చెప్పులు విడుస్తుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. కెమెరా తలుపు గొళ్ళెం మీదే ఉండిపోతుంది, ఎంతకీ కదలదు. నేను దిండు వెనక దాక్కునేదాన్ని. పెద్దమ్మ నవ్వి, అదే ముక్కని సౌండు తీసేసి మళ్ళీ వేసేది.

"ఇప్పుడు చూడు బేటా, ఏటుంది ఇందులో? ఒక గొళ్ళెం, ఒక పరదా. సినిమావోడు భయం చూపించడే, ఖాళీ వదిలేస్తాడు. మనమే నింపుకుని చస్తాం."

మేమున్న హిందీ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఒకసారి, రాత్రి షిఫ్టుకెళ్ళిన నాన్న మధ్యాహ్నం దాటినా ఇంటికి రాలేదు. పెద్దమ్మ మా దగ్గరే కూర్చుంది. అంతలో ప్లాంటు జీపు మా బ్లాకు ముందు ఆగింది. మా దగ్గర మగవాళ్ళు సైకిళ్ళ మీద ఇంటికొస్తారు, జీపులో వచ్చేది చెడ్డ కబురే. అమ్మ మంచం కోడు పట్టుకుని కూలబడింది. మెట్ల మీద బూట్ల చప్పుడు, ఆగి ఆగి. మా తలుపు దాకా వచ్చి, దాటి, పైకి వెళ్ళిపోయింది.

"పైవాళ్ళకా దేవుడా!" అంది అమ్మ.

"మనం విన్నది బూట్లు, అంతే చెల్లీ. మిగతా సినిమా నువ్వే తీస్తన్నావు," అని పెద్దమ్మ లేచి తలుపు బార్లా తీసింది.

బూట్లు కిందికి దిగుతున్నాయి. చూస్తే నాన్న! డబుల్ డ్యూటీ చేసిన నిద్రమత్తులో, అన్ని అంతస్తులూ ఒకేలా ఉంటాయి కదా, ఒకటి ఎక్కువ ఎక్కేశాడు.

"సైకిలు తొక్కలేకపోతన్నానని సాబ్ జీపులో దింపేరు. పైన తలుపుకి తాళం చూసి, మనదే అనుకుని, మీకేటయ్యిందో అని గాబరా పడిపోయాను," అన్నాడు.

"మీ నిద్ర తగలెయ్యా!" అని అమ్మ ఏడుస్తూ నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. బయట మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె భర్త డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడని మాకు తెలుసు. ఆ రోజూ జీపే వచ్చిందని తెలియదు.

"ఆ రోజు నేను తలుపు తియ్యలేదు చెల్లీ," అంది. "ఎంత కొట్టినా తియ్యలేదు."

నాన్న బూట్లయినా విప్పకుండా ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె అతని దుమ్ము పట్టిన చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.