నిలబడనివాళ్ళ తరఫున

ఆర్విడ్ క్వామ్‌కి ఒకటే పిచ్చి. మిన్నెసోటాలో నాలుగేళ్ళకోసారి రాష్ట్ర ఆడిటర్ ఎన్నిక వస్తే, నిలబడ్డవాళ్ళను గాలికొదిలేసి నిలబడనివాళ్ళకు ప్రచారం చేస్తాడు. ప్రభుత్వం లెక్కలు తనిఖీ చేసే అంత పెద్ద పదవికి, ఊళ్ళో ఎవరో ఒకరి పేరు వాళ్ళనడక్కుండానే ప్రకటించేస్తాడు. బ్యాలెట్‌లో అభ్యర్థుల కింద, నచ్చిన పేరు రాసుకోవడానికి ఒక ఖాళీ గీత ఉంటుంది. ప్రభుత్వం ఆ గీత గీసింది ఆర్విడ్ కోసమేనని ఊరివాళ్ళ అనుమానం.

ఒకసారి లైల్‌ను నిలబెట్టాడు. అతనికి కూడికలు రావు. ఇంకోసారి డెలోరిస్‌ను. ఆవిడ కరెంటు బిల్లు కవరే విప్పదు. ఇద్దరూ దివ్యంగా ఓడిపోయారు.

ఈసారి వంతు పక్కింటి ఆర్డిస్‌ది. భర్త మెర్విన్ ఏప్రిల్‌లో చనిపోయాక ఆవిడ ఇల్లు కదలలేదు. సరుకులు కూడా గుమ్మంలోకే తెప్పించుకునేది. "బయటేముంది గనక," అనేది. సెప్టెంబరులో ఓ పొద్దున కిటికీ తెర తీస్తే, తన ఇంటి ముందు గడ్డిలోనే బోర్డు: "ఆర్డిస్‌కే మీ ఓటు. ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది."

వెంటనే ఫోన్ చేసింది. "ఆర్విడ్, ఆ బోర్డు తియ్యి."

"ప్రచారం సంగతి నాకొదిలెయ్యమ్మా."

"నేను నిలబడలేదయ్యా."

"అదే నీలో గొప్ప. పదవి మీద మోజు లేదు."

చెప్పులేసుకుని వెళ్ళి పీకేసింది. మర్నాడు వీధి చివర ఇంకోటి మొలిచింది. అదీ పీకింది. తర్వాత దాణా కొట్టు దగ్గర, ఆ తర్వాత లైబ్రరీ ముందు. ఆర్విడ్ పాతుతూ పోయాడు, ఆర్డిస్ పీకుతూ పోయింది. దాణా కొట్టులో జనం చుట్టూ చేరి, వంతెనల ఖర్చు మీద ఆవిడ అభిప్రాయం అడిగారు. తనకే అభిప్రాయమూ లేదని నమ్మించేసరికి కాఫీ తాగాల్సి వచ్చింది, కేకు కూడా తినాల్సి వచ్చింది. అలా ఊరంతా తిరిగి, తాను పోటీలో లేనని ప్రచారం చేసుకుంది. అసలు అభ్యర్థులు కూడా అంత తిరగలేదు.

పోలింగ్ రోజున, తనను తానే ఓడించాలన్న పట్టుదలతో వెళ్ళి ఓటేసింది. ఎదురుగా చర్చి కింది హాల్లో ఎప్పటిలాగే కాఫీ, బంగాళదుంపలూ మాంసమూ కలిపి పొయ్యిలో కాల్చే హాట్‌డిష్ పెట్టారు. మూల బల్ల దగ్గర లైల్, డెలోరిస్ కూర్చుని ఉన్నారు. లైల్ కుర్చీ లాగాడు.

"రా, కూర్చో. ఇది ఓడినవాళ్ళ బల్ల."

"నిన్నెందుకు నిలబెట్టాడసలు?" అని అడిగింది ఆర్డిస్.

"ఆ ఏడు డెయిరీ మూసేశారు. పని పోయింది. నేను మంచం దిగడం మానేశాను."

"నన్ను మా ఆయన పోయిన ఏడు," అంది డెలోరిస్. "పోయాడంటే చావలేదులే. ఇంకొకదాంతో కలిసి డులూత్ పోయాడు."

ఆర్డిస్ కాఫీ కప్పు నోటి దాకా వెళ్ళి ఆగింది. అంతలో ఆర్విడ్ పళ్ళెం పట్టుకుని వచ్చి, ఏమీ ఎరగనట్టు ఎదురుగా కూలబడ్డాడు. ఆవిడ అతనివైపు గుర్రుగా చూసింది.

"నా ఓటు నాకు వేసుకోలేదు, తెలుసా," అని ఓ గుక్క తాగింది.

"నేనూ నీకెయ్యలేదు," అన్నాడు ఆర్విడ్, హాట్‌డిష్ కలుపుకుంటూ. "ఆ పదవికి లెక్కలు రావాలి కదమ్మా."

ఏప్రిల్ తర్వాత ఆర్డిస్ నవ్వడం అదే మొదలు. నోట్లో కాఫీ అంతా ఆర్విడ్ చొక్కా మీద పడింది.