కాలు నిలవని వెండెల్

వెండెల్ క్రాబ్‌ట్రీకి ఒక్కచోట కాలు నిలవదు. కాలంటే అతని కాలు కాదు, అతని బండి చక్రం. ఫ్లోరిడాలో మా చిత్తడి అడవికి చలికాలం రాగానే ఓ ఇరవై ఇంటిబండ్లు వస్తాయి. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ బండిలోనే. పగలంతా కుర్చీలు వేసుకుని పక్షుల్నీ మొసళ్ళనీ చూడ్డమే పని. నాలుగు రోజులుండి పోయే బండ్ల సంగతి వేరు; ఈ ఇరవైలో పంతొమ్మిది మాత్రం ఆగినచోట పాతుకుపోయి మార్చిలోగాని లేవవు. వెండెల్ బండి మాత్రం మూడు రోజులకోసారి చోటు మారుతుంది.

ఎవరి బండి ఎక్కడుండాలో చూసుకునే పని నాది. జీతం లేని పని. వెండెల్ లేకపోతే సుఖమైన పని కూడా.

అతను మిచిగన్‌లో నలభై ఏళ్ళు పియానోలు శ్రుతి చేసి రిటైరయ్యాడు. ఏటా అందరికంటే ముందొచ్చి తొమ్మిదో నంబరు చోటు పట్టేస్తాడు. అది రాజాలాంటి చోటు. నీళ్ళ అంచునే ఉంటుంది. మంచం దిగక్కర్లేదు, కిటికీ తెర లాగితే చాలు, గులాబీరంగు తెడ్డుమూతి కొంగలు గుంపుగా వచ్చి దిగుతాయి. అలాంటి చోటు పట్టినవాడు మూడోనాడు పొద్దున్నే నా తలుపు కొడతాడు.

"హోమర్, నేనక్కడ ఉండలేనయ్యా."

"ఏమొచ్చింది?"

"ఆ మొసలి నన్నే చూస్తోంది."

"మొసలి అందర్నీ చూస్తుంది."

"అందర్నీ చూడ్డం వేరు. నన్ను మా పాత యజమాని చూసినట్టు చూస్తోంది. పదహారో నంబరు ఖాళీయేనా?"

పదహారో నంబరు స్నానాలగదుల వెనకాల. కిటికీ తెరిస్తే గోడ. అందులోకి పోయి, ఈల వేసుకుంటూ కుర్చీ వాల్చుకుంటాడు. తొమ్మిదిలో కొత్తగా దిగినవాళ్ళు వెళ్ళిపోగానే మళ్ళీ దాంట్లోకి. నాలుగు రోజులకి మళ్ళీ బయటికి. ఈసారి వడ్రంగిపిట్టకి తాళజ్ఞానం లేదు. ఆపైసారి కప్ప సగం స్వరం తక్కువ పాడుతోంది.

"నలభై ఏళ్ళు శ్రుతి సరిచేసిన చెవులివి. కప్పకి నేనేం మరలు బిగించను?" అనేవాడు దిగులుగా.

అతను బండి తీస్తున్నాడంటే క్యాంపుకి పండగే. నీళ్ళగొట్టం ఊడదీసి, కరెంటు తీగ చుట్టి బయల్దేరేవాడు. ఏదో ఒకటి మరిచిపోయేవాడు. ఒకసారి బండి పక్కన చాపిన పందిరిగుడ్డ మడవకుండా పోనిచ్చి, పైన్ కొమ్మనొకదాన్ని జెండాలా ఊరేగించాడు. ఇంకోసారి బండి మెట్టు మీద చిల్లీ కూరగిన్నె అలాగే కూర్చుని ప్రయాణం చేసింది, చుక్క ఒలకలేదు. బైనాక్యులర్లన్నీ కొంగల మీంచి అతని మీదికి తిరిగేవి. మా దగ్గర పక్షుల్ని చూసేవాళ్ళకంటే వెండెల్‌ని చూసేవాళ్ళే ఎక్కువ.

అలాగని పక్షుల సంగతి తెలియనివాడు కాదు. కళ్ళు మూసుకుని కూర్చుని, "ఎడమ పొదలో ఆడది, కోపంగా ఉంది" అనేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే ఓ నీటికోడి కోపంగా ఉండేది. అంతటి మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

ఫిబ్రవరిలో మూడు రోజులు వాన పట్టింది. అప్పుడే మనవాడికి తొమ్మిది మీద మళ్ళీ విరక్తి కలిగి, పల్లంలో ఉన్న పద్నాలుగుకి మారాడు. తెల్లారేసరికి చక్రాలు ఇరుసుదాకా బురదలో. ఈ అడవికి అధికారి, రేంజరు డొలోరెస్ ట్రాక్టరు తెచ్చింది. లాగుతుంటే బండి పక్కకి జారి కొళాయి స్తంభాన్ని విరగ్గొట్టింది. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి.

డొలోరెస్ నిలువునా తడిసిపోయింది. "మిస్టర్ క్రాబ్‌ట్రీ, నిన్న తొమ్మిదిలో దిగినవాళ్ళు వానకి భయపడి వెళ్ళిపోయారు. అందులో పెట్టండి. మార్చి దాకా చక్రం కదిలిందా, వచ్చే ఏడాది మీకిక్కడ చోటు లేదు."

"చిత్తం" అన్నాడు వెండెల్.

ఎనిమిది రోజులు కదల్లేదు. క్యాంపంతా విసుగు.

తొమ్మిదోరోజు ఫస్కో అనే పెద్దాయన భార్యని తీసుకుని వచ్చాడు. ఆవిడ పేరు బెర్నడీన్. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, బండి మెట్లు దిగే ఓపిక లేదు. మిగిలింది పదహారు ఒక్కటే. ఇచ్చాను. అరగంటకల్లా నా తలుపు చప్పుడైంది.

"కప్ప మళ్ళీ మొదలెట్టింది హోమర్. మారాలి."

"నీకు మతి పోయిందా? డొలోరెస్ ఏమందో మరిచిపోయావా?"

"మరవలేదు. ఆవిడతో నేనే చెబుతా."

తమాషా చూద్దామని వెంట వెళ్ళాను. డొలోరెస్ అంతా విని, "అయితే వచ్చే ఏడాది రాకండి" అంది.

"సరే" అన్నాడు వెండెల్. అంతే. బతిమాలలేదు, కప్పని కూడా తిట్టలేదు. పది నెలలు ఈ చలికాలం కోసమే బతికే మనిషి ఆ ముక్క అంత తేలిగ్గా అనేసరికి నా నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రమే అతను పదహారుకి, ఫస్కో దంపతులు తొమ్మిదికి మారారు. మర్నాడు పొద్దున్నే నీళ్ళగొట్టం చూద్దామని తొమ్మిదికి వెళ్ళాను. కిటికీ దగ్గర బెర్నడీన్. ఎదురుగా నీళ్ళలో పదకొండు తెడ్డుమూతి కొంగలు. ఆవిడ భర్త చొక్కాచేతిని గట్టిగా పట్టుకుని, ఊపిరందక ఒక్కోమాటే అంటోంది.

"చూశావా... ఆ చివరిది... చిన్నది..."

నన్ను చూసి ఫస్కో బయటికొచ్చాడు. "పాపం, ఆయనకి కప్పలు పడవట కదండీ. మా అదృష్టం" అన్నాడు.

అప్పుడు నాకు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వెండెల్ వదిలిన తొమ్మిదిలోకి ఎవరొచ్చారు? కాలికి కట్టుతో వచ్చిన నర్సు. తొంభై ఏళ్ళ బడిపంతులమ్మ. ఆపరేషనైన మర్నాడే వచ్చేసిన ట్రక్కు డ్రైవరు. ఇన్నేళ్ళుగా నా చేత్తో నేనే మార్చాను. ఒక్కసారి కూడా తట్టలేదు.

తిన్నగా పదహారుకి వెళ్ళాను. గోడకెదురుగా కూర్చుని పాన్‌కేకులు తింటున్నాడు.

"ముందే నాతో ఒక్కమాట అనొచ్చుగా! నేనే వాళ్ళకిచ్చేవాణ్ణి."

వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి. "జాలిపడి ఇచ్చారంటే వాళ్ళు తీసుకోరయ్యా. తీసుకున్నా మొహమాటపడతారు, పదిసార్లు థాంక్స్ చెబుతారు, కొంగలవైపు చూడ్డం మానేసి నావైపు చూస్తారు. పిచ్చివాడు వదిలేసిన చోటైతే హాయిగా ఉంటారు. ఎవరికీ చెప్పకు."

అప్పటికే చెప్పేశాను. దార్లో డొలోరెస్ కనబడితే ఆగలేకపోయాను. మేం మాట్లాడుతుండగానే వచ్చింది. తొమ్మిది వైపునుంచే వచ్చింది.

"మిస్టర్ క్రాబ్‌ట్రీ, మీకు వచ్చే ఏడాది చోటు లేదన్నాను. అన్నమాట అన్నమాటే" అంది, టోపీ సర్దుకుంటూ. "మీకంటూ ఒక చోటు ఉండదు. ఏది ఖాళీగా ఉంటే దాంట్లో ఉండండి. ఎన్నిసార్లు మారతారో మీ ఇష్టం."

వెండెల్ లోపలికెళ్ళి ఇంకో రెండు కుర్చీలు తెచ్చి గోడకెదురుగా వేశాడు. ముగ్గురం కూర్చుని ఆ గోడనే చాలాసేపు చూశాం.