లాభం తర్వాత ఒకటి

మేడం బల్ల మీద రంగు రంగుల ప్లాస్టిక్ బిళ్లలు ఎనిమిది పరిచింది. నేను కుర్చీ అంచున కూర్చుని నోట్లోనే లెక్కపెట్టుకున్నాను. ఎనిమిదే. నా కూతురు వాటి వంక కాసేపు చూసి "సెవెన్" అంది.

మేడం రెండు బిళ్లలు తీసేసింది. నా కూతురు మళ్లీ మొదటి నుంచి చూసుకుంటూ వచ్చి "ఫైవ్" అంది. తప్పు చెప్పానన్న అనుమానం కూడా లేదు దాని మొహంలో. నేనేదో మెచ్చుకోవాలన్నట్టు నా వైపు తిరిగి నవ్వింది.

"చూశారు కదమ్మా. కాగితం మీద ఏడుకు ఐదు కలపమంటే పన్నెండని చక్కగా వేస్తుంది. అవే వస్తువులు ముందు పెడితే ఒక్కసారీ సరిగ్గా చెప్పదు. అంటే అంకెలు బట్టీ పట్టిందే కానీ లెక్క రాలేదు. ఇట్లా రెండో తరగతికి పంపితే రేపు అక్కడ ఏడుస్తుంది. సోమవారం మధ్యాహ్నం ఇంకోసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే మళ్లీ ఒకటో తరగతే" అంది మేడం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏడాదంతా మీరు చెప్పిందేమిటని అక్కడే అడిగేద్దామనుకున్నాను. పిల్ల నా వేలు పట్టుకుని ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఆ కోపమంతా సూర్యాపేట బస్టాండు వెనక మా ఇంటి దాకా ఆటో అతని మీద తీర్చుకున్నాను.

ఇంట్లో మా ఆయన వేరే లెక్క వేసి పెట్టాడు. ఆయనకు ఎరువుల దుకాణం. వానాకాలం మొదలైతే ఇంటి మొహం చూడడు, నేనేమో పొద్దంతా మందుల షాపులో ఉంటాను. పిల్లను చూసుకునేవాళ్లు లేకనే చదువు ఇట్లా అయిందని ఆయన గట్టి నమ్మకం.

"అక్కతోని మాట్లాడిన. కోదాడల హాస్టల్ స్కూల్ల సీటు ఉన్నదంట. సోమవారం కూడ రాకపోతే అటే తీస్కపోత. మళ్ల ఒకటో తరగతి అంటే పిల్ల పరువు పోతది, మన పరువు పోతది" అన్నాడు.

"దానికి ఇంక ఏడేండ్లన్న నిండలే. నా కొంగు పట్టుకోకుంటే నిద్రపోదు."

"అందుకే రావట్లే దానికి లెక్కలు."

కొంగుకూ లెక్కలకూ సంబంధమేమిటని నేను అందుకోబోయేలోగా ఫోను నా చేతిలో పెట్టాడు. అవతల కోదాడ నుంచి ఆయన అక్క, మా వదిన. "ఏమ్మా, నువ్వేం బెంగపెట్టుకోకు. మా పిల్లలిద్దరూ అక్కడే చదివారు కదా. ఆదివారం ఆదివారం నేనెళ్లి చూసొస్తాగా. ఇంట్లో ఉంటే నీ గారాబానికి ఇంతే అవుద్ది." ఆవిడ మంచికే చెబుతోంది. అందుకే నాకు మరింత మండింది. చెడ్డదైతే కడిగి పారేయొచ్చు.

శుక్రవారం సాయంత్రం ఆయన ఒక రేకు పెట్టె కొనుక్కొచ్చాడు. హాస్టల్ పిల్లలు తీసుకెళ్లే రకం, తాళం వేసుకునేది.

"ముందే కొనుడేంది?" అన్నాను.

"అవసరం పడ్డంక ఉరుకాల్నా?"

పిల్ల ఆ పెట్టె మీద ఎక్కి కూర్చుని ఇది ఎవరికని అడిగింది. దుప్పట్లు పెట్టుకోవడానికని చెప్పి, దాన్ని మంచం కిందికి తోసేశాను. ఆ పెట్టె మీద పడుకుంటున్నానన్న సంగతి నన్ను రాత్రంతా గుచ్చుతూనే ఉంది.

ఈలోపు ఇంట్లో లెక్కపెట్టని వస్తువు లేదు. శనగలు, చెంచాలు, బట్టలకు పెట్టే క్లిప్పులు. నా వేలు పెట్టి చూపిస్తూ నాతోపాటు పలికిస్తే అన్నీ సరిగ్గా చెబుతుంది. నువ్వొక్కదానివే మనసులో లెక్కపెట్టు అంటే మాత్రం ప్రతిసారీ ఒకటి తక్కువ. ఎక్కువ ఎప్పుడూ రాదు, రెండు తక్కువా రాదు. లెక్క రాని పిల్ల అయితే ఒకోసారి ఒకోలా తప్పాలి కదా. ఈ తప్పు మాత్రం గడియారంలా తప్పకుండా వచ్చేది. నాకు భయం పట్టుకుంది. కళ్లలో ఏమైనా లోపమా, బుర్రలోనా అని కూడా అనుకున్నాను.

శనివారం సాయంత్రం పిల్లను తీసుకుని మిర్యాలగూడ మా నాన్న దగ్గరికి వెళ్లిపోయాను. ఇంట్లో ఉంటే ఆ పెట్టె గురించి మళ్లీ గొడవ అయ్యేది.

మా నాన్నది చిన్న ధాన్యం దుకాణం. చుట్టూ పెద్ద పెద్ద మిల్లులు, ఎప్పుడూ లారీల మోత, ఉడికిన వడ్ల వాసన. బియ్యం, పప్పులు ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాంటా మీద తూచి ఇస్తాడు. కోళ్లకు నూకలు, బర్రెలకు తవుడు మాత్రం ఇప్పటికీ ఇనప కుంచంతో కొలవడమే. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని మావాళ్లు ఒకటి అనరు. లాభం అంటారు. రెండో కుంచం నిండేదాకా "లాభం, లాభం" అంటూనే ఉండి, అది పోస్తూ "రెండు" అంటారు. నేను పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట అది. అందుకే నా చెవికి అది వినబడడం ఎప్పుడో మానేసింది.

పోయిన వేసవి సెలవులంతా నా కూతురు ఆ దుకాణంలోనే, నూకల బస్తా మీద కూర్చుని గడిపింది.

ఆదివారం పొద్దున కౌంటర్ మీద సబ్బులు వరసగా పేర్చి ఎన్నో చెప్పమన్నాను. ఈసారి సబ్బుల వంక కాకుండా దాని మొహం వంక చూశాను. మొదటి సబ్బు దగ్గర దాని పెదవులు విడివడి, మళ్లీ గట్టిగా మూసుకున్నాయి. వన్ అంటే పెదవులు మూసుకోవు. నేను అక్కడే ఆపేశాను.

"మొదటి సబ్బును సూసి ఏమనుకున్నవే?"

అది తాత వైపు చూసి, "లాభం" అంది.

"తర్వాత?"

"వన్."

"తాత లాభం అన్నంక రెండు అంటడు గదనే?"

"తాత అట్లనే అంటడు. కాని స్కూల్ల వన్ నుంచే షురూ చెయ్యాలె. మేడం చెప్పింది."

తాత మాట, మేడం మాట, దేన్నీ కాదనకుండా రెండూ పాటించింది నా బిడ్డ. అందుకే మొదటిది ఎప్పుడూ లెక్కలోకి రాలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దాన్ని పట్టుకుని ముద్దులు పెట్టుకున్నాను. ఇంత చిన్న సంగతికా పెట్టె దాకా వచ్చింది అనుకున్నాను.

"ఇగ స్కూల్ల లాభం అనకు బంగారం. వన్ అనే షురూ చెయ్యి. సరేనా?"

అది తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు?"

"అనకుంటే తాత దుకాణం మునుగుతది."

మా నాన్న కాంటా మీద పప్పు పోస్తూ పోస్తూ ఆగిపోయాడు. పోయిన వేసవిలో అది తాతతో పాటు కొలుస్తూ "ఒకటి" అని గట్టిగా అరిచిందట. అప్పుడు ఆయన నవ్వుతాలుకు "ఒకటి అనకు బిడ్డా, తాత దుకాణం మునుగుతది" అన్నాడట. ఆయన ఆ మాట మరిచిపోయాడు. ఇది మరవలేదు. అప్పటి నుంచి సూర్యాపేటలో బడిలో బిళ్లలు లెక్కపెట్టినా, పెన్సిళ్లు లెక్కపెట్టినా ముందు తాత కోసం లాభం అని మనసులో అనుకుని, తర్వాత తన లెక్క మొదలుపెడుతోంది.

దానికి ఎన్ని విధాల చెప్పానో. బతిమాలాను, బెదిరించాను. ఏడ్చి సరేనంది. మళ్లీ సబ్బులు పెడితే మళ్లీ పెదవులు మూసుకున్నాయి.

"నువ్వు చెప్పు నాయినా, నా మాట వింటలేదు" అన్నాను.

ఆయన దగ్గరికొచ్చి, "స్కూల్ల అనకున్నా ఏం కాదు బిడ్డా, తాత చెప్తున్న గద" అన్నాడు.

"మరి నువ్వెందుకు అంటవు?" అంది అది.

ఆయన మళ్లీ కాంటా దగ్గరికి పోయాడు.

నాకు అర్థమైంది. "రేపు పొద్దున బోణీకి నువ్వు ఒకటి అనాలె నాయినా. ఇది సూడాలె. అప్పుడే వింటది" అన్నాను.

"నా నోటితోనా? బోణీకా?" ఆయన గద్దె మీద చెయ్యేశాడు. "మా నాయిన కూసున్న గద్దె ఇది. నేను పోరనిగ ఉన్నప్పటి సంది ఆ మాట అనలే. సందు మొగల పెద్ద మార్టు వచ్చినంక గిరాకీ సగమైంది. ఇప్పుడు నేను ఒకటి అని నోరు జారితే ఏమన్న అయితే?"

ఆయన నిజంగానే భయపడుతున్నాడు. అది తెలిసి కూడా నేను ఊరుకోలేదు. "అంటే నీ లాభం నీకుండాలె, నా బిడ్డ కోదాడల పెట్టె పెట్టుకొని కూసోవాలె. అంతేనా?"

మధ్యాహ్నం ఆయన అన్నం కలిపి, సగం వదిలేసి లేచిపోయాడు. మా ఆయన ఫోన్ చేసి "ఏమైంది, లెక్క వస్తున్నదా?" అని అడిగితే "వస్తది" అని పెట్టేశాను. అబద్ధం చెప్పినందుకు కాదు, అది అబద్ధంగానే మిగిలిపోతుందేమోనని నాకు దిగులు. ఆ రోజంతా ఇంట్లో మాట్లాడింది పిల్ల ఒక్కతే.

సోమవారం పొద్దున నేను బ్యాగు సర్దుకుని బస్సుకు సిద్ధంగా ఉన్నాను. మా నాన్న షట్టర్ ఎత్తి, గద్దె తుడిచి, దేవుని పటానికి అగరొత్తులు వెలిగించాడు. రోజూ కంటే చాలాసేపు దండం పెట్టుకున్నాడు. పిల్ల తన బస్తా ఎక్కి కూర్చుంది. నేను ఏమీ అడగలేదు. అడిగితే కాదంటాడేమోనని భయం.

తండా నుంచి ఒకామె సంచి పట్టుకుని వచ్చింది. "తవుడు నాలుగు కుంచాలు పొయ్యి సేటూ, బర్రె ఈనింది."

ఆయన కుంచం నింపి, అరచేత్తో పైన సాపు చేసి, సంచి మీదికి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

"ఒకటి" అన్నాడు.

తవుడు సంచిలో పడింది. ఆమె తలెత్తి చూసింది. "అదేంది సేటూ, ఇయ్యాల లాభం అనవా?"

"సంచి సక్కగ పట్టుకో అమ్మా. రెండు." మూడు, నాలుగు కూడా పోసి, కుంచం కింద పెట్టి, పిల్ల వైపు తిరిగాడు. "సూసినవా బిడ్డా? దుకాణం ఉన్నదా, మునిగిందా?"

అది పైకప్పు చూసింది. బస్తాలు చూసింది. బస్తా దిగి వచ్చి గోడ కూడా తట్టి చూసింది. "ఉన్నది" అంది.

"ఇగ నువ్వు కూడ ఒకటి నుంచే షురూ చెయ్యి. దుకాణం సంగతి నేను సూసుకుంట."

నాకు ఆయన్ను పట్టుకుని ఏడవాలనిపించింది. ఆయన మాత్రం నా మొహం చూడలేదు. బస్సుకు ఆలస్యమవుతుంది, పొమ్మన్నాడు.

బడి దగ్గర మా ఆయన ఫోను చేత్తో పట్టుకుని ముందే నిలబడి ఉన్నాడు. మేడం మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. కిటికీ ఊచల పక్కన ఇద్దరం నిలబడ్డాం. మేడం తొమ్మిది బిళ్లలు పరిచింది. ఆయన బిళ్లలు చూస్తున్నాడు, నేను దాని పెదవులు చూస్తున్నాను.

అది చాలాసేపు ఊరకే చూసింది. మేడం గడియారం వైపు తల తిప్పింది. నేను కిటికీ ఊచను ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకే తెలియదు. దాని పెదవులు గుండ్రంగా అయ్యాయి. మూసుకోలేదు.

"నైన్."

ఏడు బిళ్లలు ఒకవైపు, ఐదు ఇంకోవైపు పెట్టి కలపమంది మేడం. "ట్వెల్వ్." కొన్ని తీసేసింది, మళ్లీ పెట్టింది. అన్నీ సరిగ్గా చెప్పింది.

"వెరీ గుడ్. మరి ఇన్నాళ్లూ తప్పు ఎందుకు చెప్పావురా?"

"ఇగ తాతనే సూసుకుంట అన్నడు" అంది నా కూతురు.

మేడంకు ఏమీ అర్థం కాలేదు. మా ఆయన నా వైపు చూశాడు. "ఇంటికి పోయినంక చెప్త" అన్నాను. ఆయన కోదాడకు ఫోన్ కలిపి, "అవసరం లేదులే అక్కా, పాసయ్యింది" అన్నాడు. పెట్టేశాక నాతో, "ఆ పెట్టెల దుప్పట్లు పెట్టుకుందాంలే" అన్నాడు.

నేను బడి గేటు బయటికి వచ్చి మా నాన్నకు ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"అయ్యిందా?"

"అయ్యింది నాయినా. అన్నీ సరిగ్గ చెప్పింది. యాడికీ పంపిస్తలేం."

అవతల నుంచి పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"ఇగ నీ లాభం నువ్వు అనుకో నాయినా. పిల్ల ఈడ ఉన్నది, దానికి ఇనపడదు."

"సెలవులు ఇయ్యంగనే ఈడికే వస్తది గద. అప్పటికి నా నోరు తిరగాలె. గిరాకీ వచ్చింది, పెట్టేస్తున్న" అన్నాడు.

కానీ ఫోను కట్ చేయడం మరిచిపోయాడు. నేనూ చెయ్యలేదు. కుంచం బస్తాలో దిగిన చప్పుడు, సంచి విప్పిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత మా నాన్న గొంతు "లా..." అని ఆగింది. ఒకసారి దగ్గాడు.

"ఒకటి" అన్నాడు.